తిరిగే వలయం మీద పూస

విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరం క్లాసికల్ మెకానిక్స్ తరగతికి మొదటిసారి వెళ్తున్నప్పుడు, ఆ విషయం నాకు ఇదివరకే వచ్చునన్న నమ్మకంతో వెళ్లాను. న్యూటన్ మూడు సూత్రాలు, వాలుతలం మీద జారే దిమ్మె, కప్పీకి అటూ ఇటూ వేలాడే బరువులు, లోలకం, ఢీకొనే బంతులు, ఇవన్నీ పాఠశాల నుంచి చేస్తూ వచ్చినవే, మొదటి సంవత్సరంలో కలనగణితం సాయంతో మళ్లీ చేసినవే. ఇక మిగిలిందల్లా లెక్కలు మరికాస్త పొడవుగా ఉండటమేనని అనుకున్నాను. ఆ నమ్మకం తొలి గంట దాటలేదు.

ఆ రోజు మేడమ్ లోపలికి వచ్చి, హాజరు కూడా తీసుకోకుండా, నల్లబల్ల మీద ఒక ఏటవాలు దిమ్మెను గీసి, దాని వాలు మీద ఒక చిన్న చెక్కముక్కను గీశారు. ఎక్కడా ఘర్షణ లేదు. కాబట్టి ముక్క కిందికి జారుతున్నంతసేపూ కింది దిమ్మె కూడా నేల మీద వెనక్కి జరుగుతూనే ఉంటుంది. "దిమ్మె త్వరణం ఎంతో కనుక్కోండి, పావుగంట టైముంది" అన్నారు. అందరం తలలు వంచి బాణాలు గీయడం మొదలుపెట్టాం. ముక్క మీద గురుత్వ బలం, ముక్కకూ దిమ్మెకూ మధ్య లంబ ప్రతిక్రియ, నేల నుంచి దిమ్మె మీదికి మరో ప్రతిక్రియ. దిమ్మె కదలకుండా ఉన్నప్పుడు ఆ లంబ ప్రతిక్రియ విలువ ఎంతో అందరికీ నోటికి వచ్చు. దిమ్మెకే త్వరణం ఉన్నప్పుడు ఆ విలువ పనికిరాదు, దాన్ని కూడా తెలియని రాశిగానే పెట్టుకుని సాధించాలి. నేను పేజీన్నర నింపాను. మధ్యలో ఎక్కడో ఒక గుర్తు తారుమారై, హారంలో కూడిక రావలసిన చోట తీసివేత వచ్చింది. దాన్ని గమనించకుండానే సమాధానం చుట్టూ గడి గీసి పెన్ను కింద పెట్టాను.

పావుగంట తర్వాత మేడమ్ బాణాలేవీ గీయలేదు. దిమ్మె నేల మీద ఎంత జరిగిందో చెప్పడానికి ఒక అక్షరం, ముక్క వాలు వెంట ఎంత దిగిందో చెప్పడానికి మరో అక్షరం, ఈ రెండే తీసుకున్నారు. ఆ రెండింటిలో మొత్తం గతిజశక్తిని రాసి, అందులోంచి స్థితిజశక్తిని తీసివేసి, వచ్చిన ప్రమేయం నుంచి ఒక్కో అక్షరానికి ఒక్కో సమీకరణం రాబట్టారు. ఆరు వరుసల్లో సమాధానం వచ్చేసింది. వెనక వరుసలోంచి ఎవరో లేచి "లంబ ప్రతిక్రియ ఎక్కడికి పోయింది మేడమ్?" అని అడిగారు. "అది ముక్క మీద చేసే పనీ, దిమ్మె మీద చేసే పనీ కలిపితే సున్నా. మొత్తం లెక్కలో దాని వాటా ఏమీ లేదు కాబట్టి దాన్ని పిలవలేదు. కావాలంటే చివర్లో విడిగా పిలిచి అడగవచ్చు" అన్నారు. ఆ తర్వాత సమాధానాన్ని పరీక్షకు పెట్టారు. దిమ్మె కొండంత బరువుదైతే దాని త్వరణం సున్నా కావాలి, అవుతోంది. వాలు నిట్టనిలువుగా ఉంటే ముక్క దిమ్మెను నెట్టకుండా పక్కనే పడిపోతుంది, దిమ్మె కదలకూడదు, కదలడం లేదు. నా కాగితం మీది సమాధానాన్ని నేను కూడా అలాగే ప్రశ్నించి ఉంటే, ఒక ప్రత్యేకమైన కోణం దగ్గర దిమ్మె త్వరణం అనంతమైపోతోందని నాకే తెలిసేది.

ఆ పద్ధతి జోసెఫ్ లూయీ లాగ్రాంజ్‌ది. న్యూటన్ 'ప్రిన్సిపియా' 1687లో వెలువడితే, లాగ్రాంజ్ గ్రంథం 1788లో, అంటే సరిగ్గా నూటొక్క సంవత్సరాల తర్వాత వచ్చింది. ప్రిన్సిపియా నిండా రేఖాగణిత చిత్రాలే; లాగ్రాంజ్ మాత్రం తన పుస్తకంలో ఒక్క బొమ్మ కూడా ఉండదని ముందుమాటలోనే చెప్పేశాడు. ఆ సంగతి విన్నప్పుడు నాకు నచ్చలేదు. బలాన్ని బాణంగా చూడటం అలవాటైన కంటికి, కేవలం శక్తిని రాసి అవకలనం చేయడం ఏదో తెర వెనక జరిగే పనిలా అనిపించింది. ఒక నెల గడిచాక గాని నాకు అర్థం కాలేదు: బొమ్మ అవసరం పోలేదు, బొమ్మ చేయవలసిన పని మారింది. ఇదివరకు బొమ్మను బలాల కోసం గీసేవాళ్లం. ఇప్పుడు ఈ వ్యవస్థ ఎక్కడ ఉందో చెప్పడానికి ఎన్ని సంఖ్యలు చాలు, అవి ఏవి అని నిర్ణయించుకోవడం కోసం గీయాలి. లోలకానికి రెండు నిరూపకాలు తీసుకుంటే దారం పొడవు మారదన్న నిబంధనను వెంటబెట్టుకుని తిరగాలి. కోణం ఒక్కటి తీసుకుంటే ఆ నిబంధన అందులోనే ఇమిడిపోతుంది. లోలకం కింద మరో లోలకం కడితే రెండు కోణాలు. ఆ జంట లోలకానికి చలన సమీకరణాలు రాయడం ఒక సాయంత్రం పని. వాటి సాధన మాత్రం కాగితం మీద దొరకదని, కాస్త పెద్దగా ఊపి వదిలితే అది ఏ రెండుసార్లూ ఒకే దారిలో తిరగదని మేడమ్ అప్పుడే హెచ్చరించారు. మా అసైన్‌మెంట్ కాగితాల అంచున ఎర్ర సిరాతో ఆమె ఎక్కువసార్లు రాసిన మాట "ఈ నిరూపకమే ఎందుకు?" అన్నది. సమాధానం తప్పైతే గుర్తు చుట్టి వదిలేసేవారు. నిరూపకం అనాలోచితంగా ఎంచుకుంటే మాత్రం కాగితం తిరిగి వచ్చేది.

కనిష్ఠ క్రియా సూత్రం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. దానికి ముందు మార్పుల కలనగణితం చెప్పారు. పై బిందువు నుంచి కింది బిందువుకు పూస అతి తక్కువ కాలంలో జారాలంటే తీగను ఏ ఆకారంలో వంచాలి అని యోహాన్ బెర్నూలీ 1696లో విసిరిన సవాలుతో ఆ పాఠం మొదలైంది. సరళరేఖ కాదు, వృత్తఖండమూ కాదు, దొర్లే చక్రం అంచు మీది బిందువు గీసే సైక్లాయిడ్. అంతవరకు హాయిగా ఉంది. ఆ తర్వాత, విసిరిన రాయి కూడా సాధ్యమైన దారులన్నింటిలో క్రియ (గతిజశక్తిలోంచి స్థితిజశక్తిని తీసేసి, దారి పొడవునా కాలంతో కూడితే వచ్చే రాశి) కనిష్ఠమయ్యే దారినే పడుతుందని రాసుకునేసరికి నాకు మనసు కుదరలేదు. తాను ఎక్కడికి చేరబోతోందో రాయికి ముందే ఎలా తెలుస్తుంది? వెళ్లని దారులను అది ఎప్పుడు కొలిచి చూసింది? ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడి రెండు తరగతులు వదిలేశాను. మూడవ తరగతి చివర అడిగితే, మేడమ్ నా నోట్సు తీసుకుని అందులో 'కనిష్ఠ' అన్న మాటను కొట్టేసి 'స్థిర' అని రాశారు. స్ప్రింగుకు కట్టిన ద్రవ్యరాశిని తీసుకుంటే, అర్ధ డోలనం లోపల మాత్రమే దాని క్రియ కనిష్ఠం. అంతకుమించి సాగితే చుట్టుపక్కల దారుల్లో కొన్నింటికి క్రియ ఇంకా తక్కువే ఉంటుంది, అయినా అది నడిచేది అదే దారి. కావలసిందల్లా దారిని రవ్వంత కదిపినప్పుడు మొదటి మెట్టులో క్రియ మారకపోవడం. ఆ షరతు మొత్తం దారికి వర్తిస్తే దాని ప్రతి చిన్న ముక్కకూ వర్తిస్తుంది, ముక్కను ఎంత చిన్నది చేసినా వర్తిస్తుంది, ఆ చిన్న ముక్క దగ్గర అది న్యూటన్ రెండవ సూత్రమే. రాయికి దూరదృష్టి ఏమీ అవసరం లేదు. ఇంటికి వెళ్లి ఆ స్ప్రింగు లెక్కను మూడు వేర్వేరు కాలాలకు చేసి చూసుకున్నాను, అర్ధ డోలనం దాటగానే ఒక పదం గుర్తు మారింది. ఆ రాత్రి కలిగిన తృప్తి, పరీక్షల్లో వచ్చిన ఏ మార్కూ నాకు ఇవ్వలేదు.

కేంద్రీయ బలాల పాఠం మాత్రం నాకు మొదటి నుంచీ పండుగలా గడిచింది. కోణీయ ద్రవ్యవేగం మారదు కాబట్టి సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం లెక్క, దూరం అనే ఒక్క అక్షరంలో నడిచే లెక్కగా కుదించుకుపోతుంది. ఒక గుంటలో అటూ ఇటూ దొర్లే గోళీని చూసినట్టు గ్రహాన్ని చూడవచ్చు. గ్రహానికీ సూర్యుడికీ మధ్య గీసిన రేఖ సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను ఊడుస్తుందన్న కెప్లర్ రెండవ నియమం, బలం ఏ దూరఘాతంలో ఉన్నా సరే, అది కేంద్రం వైపు ఉంటే చాలు, నిజమేనని తెలిసి ఆశ్చర్యపోయాను. నేను అంతవరకు దాన్ని గురుత్వాకర్షణ సొంత ఆస్తి అనుకున్నాను. గురుత్వాకర్షణకు ప్రత్యేకమైనది వేరే ఉంది: కక్ష్య మొదలైన చోటికే తిరిగొచ్చి మూసుకోవడం. కట్టుబడి తిరిగే ప్రతి కక్ష్యా మూసుకునేది రెండే రెండు బలాల్లో, దూరవర్గానికి విలోమంగా ఉండేదానిలోనూ, దూరానికి అనులోమంగా ఉండే స్ప్రింగు బలంలోనూ అని ఫ్రెంచ్ గణితవేత్త బెర్ట్రాండ్ 1873లో నిరూపించాడు. మరే సూత్రం తీసుకున్నా కక్ష్య పువ్వు రేకుల్లా జరుగుతూ పోతుంది. బుధగ్రహపు కక్ష్య అలా జరుగుతోందని, ఇతర గ్రహాల ఆకర్షణను లెక్కవేసినా శతాబ్దానికి సుమారు 43 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) మిగిలిపోతాయని, ఆ మిగులు 1915లో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతంతో తీరిందని మేడమ్ చెబుతుంటే, నల్లబల్ల మీది ఆ చిన్న సవరణ పదాన్ని అందరం గౌరవంగా చూశాం.

ఆ తర్వాతి వారంలోనే గణితవేత్త ఎమీ నోతర్ పేరు మా పాఠంలోకి వచ్చింది. 1918 నాటి ఆమె సిద్ధాంతాన్ని మేడమ్ పూర్తి సాధారణ రూపంలో చెప్పలేదు, మా స్థాయికి తగిన రూపంలోనే చెప్పారు: వ్యవస్థను పక్కకు జరిపినా లాగ్రాంజియన్ (గతిజశక్తిలోంచి స్థితిజశక్తిని తీసేస్తే వచ్చే ఆ ప్రమేయమే) మారకపోతే ద్రవ్యవేగం నిలుస్తుంది, తిప్పినా మారకపోతే కోణీయ ద్రవ్యవేగం నిలుస్తుంది, కాలం మారినా దాని రూపం మారకపోతే శక్తి నిలుస్తుంది. ఆ రోజు తరగతి పాఠంతో ముగియలేదు. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో నోతర్‌కు స్త్రీ అన్న కారణంగా అధ్యాపక హోదా ఇవ్వకపోతే, ఆమె పాఠాలు కొంతకాలం అక్కడి గణితాచార్యుడు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించవలసి వచ్చిందని మేడమ్ చెప్పారు. చెప్పి కొంతసేపు ఏమీ మాట్లాడకుండా బల్ల తుడిచారు. నేను నోట్సులో మూడు సౌష్ఠవాలను, వాటి ఎదురుగా మూడు నిత్యత్వ నియమాలను పట్టికలా రాసుకుని, ఇంతకాలం బట్టీపట్టినవాటికి ఇన్నాళ్లకు కారణం దొరికిందని సంతోషించాను. ఆ పట్టికలో మూడవ వరుసను నేను నినాదంలా మాత్రమే నేర్చుకున్నానని మధ్యంతర పరీక్షలో బయటపడింది.

ఆ ప్రశ్న ఇది. నిలువుగా నిలబెట్టిన ఒక తీగ వలయం తన నిలువు వ్యాసం చుట్టూ స్థిర వేగంతో తిరుగుతోంది. వలయం మీద ఒక పూస ఘర్షణ లేకుండా జారగలదు. పూస ఎక్కడ నిశ్చలంగా నిలవగలదు, ఆ స్థానాల్లో ఏవి స్థిరమైనవి? నేను ఒకే నిరూపకం తీసుకున్నాను, వలయం అడుగు నుంచి పూస ఎక్కిన కోణం. ఘర్షణ లేదు, కాలంతో మారేది ఏదీ లేదు, కనుక మొత్తం శక్తి నిలుస్తుందని రాశాను. గతిజశక్తినీ స్థితిజశక్తినీ కూడి, కాలంతో అవకలనం చేసి, సున్నాకు సమానం చేశాను. చక్కని సమీకరణం వచ్చింది. అడుగు ఎప్పుడూ స్థిరమేనని, వలయాన్ని ఎంత వేగంగా తిప్పితే పూస అడుగును అంత గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుందని తేల్చి, డోలన పౌనఃపున్యం కూడా లెక్కగట్టి ఇచ్చాను. పది మార్కుల ప్రశ్నకు రెండు మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఒకటే వాక్యం ఉంది: "ఆ వలయాన్ని ఎవరు తిప్పుతున్నారు?"

మర్నాడు కాగితం పట్టుకుని ఆమె గదికి వెళ్లాను. నాకు కోపంగానే ఉంది, ఎందుకంటే లెక్కలో ఎక్కడా పొరపాటు కనిపించలేదు.

"కూర్చో. ఈ వలయాన్ని నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పుతున్నానని అనుకో. పూస ఎక్కడుంటుంది?"

"అడుగునే మేడమ్."

"తాడుకు రాయి కట్టి తిప్పితే అది అడుగునే వేలాడుతుందా?"

అప్పుడు తెలిసింది. ఏమి తప్పో కాదు, తప్పు ఉందని. సమాధానం రాగానే ఇంత చిన్న ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. మేడమ్ ఒక తెల్లకాగితం నా వైపు జరిపి, లాగ్రాంజియన్ రాయమన్నారు. రాశాను. చలన సమీకరణం తెమ్మన్నారు. తెచ్చాను. నా పరీక్ష కాగితంలోని సమీకరణానికీ దీనికీ తేడా ఒక్క గుర్తు. వలయం వేగపు వర్గం ఉన్న పదం అక్కడ పూసను కిందికి లాగుతోంది, ఇక్కడ పైకి నెడుతోంది. ఇప్పుడు జవాబు పూర్తిగా మారిపోయింది. వేగం ఒక హద్దు దాటేవరకు అడుగు స్థిరంగానే ఉంటుంది, కాని ఆ హద్దు దగ్గరపడేకొద్దీ పూస డోలనాలు నెమ్మదిస్తూ వచ్చి, హద్దు దగ్గర ఆగిపోతాయి. హద్దు దాటాక అడుగు అస్థిరమై, అటొకటి ఇటొకటి రెండు కొత్త స్థిర స్థానాలు పుడతాయి. వలయం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే ఆ హద్దు నిమిషానికి సుమారు 95 చుట్లు. దానికి రెట్టింపు వేగంతో తిప్పితే పూస అడుగు నుంచి దాదాపు 75 డిగ్రీల పైన నిలుస్తుంది.

"లాగ్రాంజియన్‌లో కాలం కనిపించడం లేదు కదా మేడమ్. మరి శక్తి ఎందుకు నిలవలేదు?" అని అడిగాను. నిజానికి నా బాధంతా అదే. నోతర్ చెప్పినదాన్నే నేను వాడాననుకున్నాను.

"ఏదో ఒకటి నిలుస్తుంది. అది శక్తేనని నీకు ఎవరు చెప్పారు? నిలిచేదాన్ని కూడా రాసి, రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యి."

రాశాను. కాలం కనిపించని లాగ్రాంజియన్ నుంచి నిలిచే రాశి హామిల్టోనియన్. సాధారణ సమస్యల్లో అది మొత్తం శక్తితో సమానం కాబట్టి రెండింటినీ ఒకే పేరుతో పిలవడం అలవాటవుతుంది. ఇక్కడ వలయం అనే నిబంధనే కాలంతో పాటు తిరుగుతోంది కాబట్టి ఆ రెండూ వేరు. తీసివేస్తే మిగిలింది ఒకే పదం: పూస ద్రవ్యరాశి, వ్యాసార్ధపు వర్గం, వలయం వేగపు వర్గం, కోణపు సైన్ వర్గం. మేడమ్ ఏమీ చెప్పకుండా పెన్సిలుతో అందులోంచి ఒక వేగాన్ని విడిగా చుట్టారు. మిగిలిన ముక్కను గుర్తుపట్టడానికి నాకు నిమిషం పట్టింది. అది నిలువు అక్షం చుట్టూ పూసకు ఉన్న కోణీయ ద్రవ్యవేగం. అంటే శక్తికీ హామిల్టోనియన్‌కూ ఉన్న తేడా, వలయం వేగాన్ని పూస కోణీయ ద్రవ్యవేగంతో గుణిస్తే వచ్చేది. పూస పైకి ఎక్కితే అక్షం నుంచి దూరం పెరిగి కోణీయ ద్రవ్యవేగం పెరుగుతుంది. అది పెరగాలంటే ఎవరో టార్క్, అంటే మెలితిప్పే ఊపు, ఇవ్వాలి. టార్క్ ఇచ్చేది వలయాన్ని స్థిర వేగంతో తిప్పుతున్న మోటారు. ఆ టార్క్‌ను వేగంతో గుణిస్తే మోటారు చేసే పని రేటు. లెక్క అణా పైసలతో సరిపోయింది. నేను పరీక్షలో వలయాన్ని తిప్పాను కాని, దాన్ని తిప్పుతున్న మోటారును లెక్కలోంచి వదిలేశాను. ప్రశ్నలో స్థిర వేగం అన్న మాట నాకు ఉచితంగా దొరికిన సౌకర్యంలా కనిపించింది. ఆ మాట వెనక ఒక యంత్రం శ్రమపడుతోందన్న ఆలోచనే రాలేదు.

ఆ గది నుంచి బయటికి వచ్చాక కోర్సు మిగతా భాగం నాకు వేరేగా వినిపించింది. దృఢవస్తువుల పాఠంలో మేడమ్ లావుపాటి పాఠ్యపుస్తకం ఒకటి తెచ్చి, తెరుచుకోకుండా రబ్బరు బ్యాండ్లు చుట్టి, తిప్పుతూ పైకి విసిరారు. అతి చిన్న జడత్వ భ్రామకం (తిప్పడానికి వస్తువు చూపే మొరాయింపు) ఉన్న అక్షం చుట్టూ తిప్పితే శుభ్రంగా తిరిగి చేతిలో పడింది. అతి పెద్దది ఉన్న అక్షం చుట్టూ తిప్పినా అంతే. మధ్యరకం అక్షం చుట్టూ తిప్పినప్పుడు మాత్రం, ఎంత జాగ్రత్తగా విసిరినా, గాలిలో పల్టీకొట్టి అట్ట తలకిందులై వచ్చింది. దృఢవస్తువు తిరిగే తీరును చెప్పే ఆయిలర్ సమీకరణాలను మూడు అక్షాల దగ్గరా సరళం చేసి చూస్తే, మధ్య అక్షం దగ్గర మాత్రమే చిన్న తడబాటు ఘాతీయంగా పెరుగుతుంది. అప్పుడు నా ప్రశ్న సిద్ధంగా ఉంది: మిగతా రెండు అక్షాలూ ఎప్పటికీ స్థిరమేనా, లేక వస్తువు లోపల శక్తి ఖర్చవుతుంటే మారుతుందా? దానికి మేడమ్ 1958లో ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్ 1 సంగతి చెప్పారు. ఆ సన్నటి ఉపగ్రహాన్ని పొడవాటి అక్షం చుట్టూ, అంటే అతి తక్కువ జడత్వ భ్రామకం ఉన్న అక్షం చుట్టూ తిప్పి వదిలారు. దృఢవస్తువైతే అలాగే తిరగవలసిందే. కాని దాని పొడవాటి యాంటెనాలు ఊగుతూ శక్తిని వేడిగా మార్చాయి. కోణీయ ద్రవ్యవేగం అంతే ఉండి శక్తి తగ్గుతూ పోతే వస్తువు చేరగలిగే చోటు అతి పెద్ద జడత్వ భ్రామకం ఉన్న అక్షమే కాబట్టి, ఉపగ్రహం కొద్దికాలంలోనే అడ్డంగా గిరగిరా తిరగసాగింది. శక్తి ఎక్కడికి పోతోంది, ఎక్కడినుంచి వస్తోంది అని అడగడం నాకు అప్పటికి అలవాటుగా మారింది.

చిన్న డోలనాల పాఠం నుంచి నాకు ఎక్కువగా గుర్తున్నది, స్ప్రింగుతో కలిపిన రెండు లోలకాల్లో ఒకదాన్ని ఊపి వదిలితే ఊపంతా మెల్లగా రెండవదానికి చేరి, మొదటిది పూర్తిగా ఆగి, మళ్లీ వెనక్కి రావడం. చివరి వారాల్లో హామిల్టన్ సమీకరణాలు, ఫేజ్ స్పేస్, పాయిజాన్ బ్రాకెట్లు చాలా వేగంగా దొర్లిపోయాయి. 1925లో భౌతికవేత్త డిరాక్‌కు క్వాంటమ్ సిద్ధాంతంలో రెండు రాశులను వరుస మార్చి గుణించి చేసే ఒక తీసివేత ఈ పాయిజాన్ బ్రాకెట్లను గుర్తుకు తెచ్చిందని, అవి సరిగ్గా ఏమిటో చూసుకోవడానికి ఆదివారం గ్రంథాలయం మూసి ఉండటంతో సోమవారం ఉదయం దాకా ఆగవలసి వచ్చిందని విన్నప్పుడు, ఆ పాఠానికి ఇంకో వారం ఇచ్చి ఉంటే బాగుండేదని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

చివరి తరగతికి మేడమ్ ఒక చెక్కపీట మీద బిగించిన చిన్న మోటారు, దాని ఇరుసుకు నిలువుగా అమర్చిన పలచని తీగ వలయం తెచ్చారు. వలయం మీద బరువైన ఉక్కు పూస ఒకటి ఉంది. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. తిప్పే ముందు గది కిటికీలు మూయించారు. బయటి చప్పుళ్లు వినబడకూడదట. మోటారు మీట కొద్దికొద్దిగా తిప్పుతూ పోయారు. వలయం తీగలా కనిపించడం మానేసి గాజుబుడగలా మారింది. పూస అడుగునే ఉంది. తీగ మీద కాస్త ఘర్షణ ఉంటుంది కాబట్టి మేము లెక్కవేసిన వేగం దాటినా కొద్దిసేపు కదలలేదు. మేడమ్ పీటను వేలితో తట్టారు. పూస ఒక్కసారిగా అడుగును వదిలి పైకి ఎక్కి, గాజుబుడగ మధ్యలో వెండి పట్టీలా నిలిచింది. సరిగ్గా అది ఎక్కుతున్న ఆ క్షణంలో మోటారు గొంతు కిందికి దిగింది. బరువు ఎత్తుకున్న మనిషి గొంతులా, స్పష్టంగా ఒక స్వరం దిగి, పూస తన ఎత్తున కుదురుకున్నాక మళ్లీ మెల్లగా మొదటి స్వరానికి చేరింది. ఆ తెల్లకాగితం మీద పెన్సిలుతో చుట్టిన పదాన్ని నేను చెవులతో విన్నాను. మేడమ్ నా వైపు చూశారు గాని ఏమీ అనలేదు. మోటారు ఆపి, పూసను వేలితో అడుగుకు దించి, తరగతి వైపు తిరిగి "ఇంకోసారి వినండి" అన్నారు.